ఆధారం చూపెట్టమన్నోళ్లకు

మాది చెంగిచెర్ల. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు పట్టి ఎడమకు తిరిగితే మా ఊరు. పట్నపోళ్లకు మా ఊరు రెండింటితోనే ఎరుక. ఒకటి బస్సు డిపో, రెండోది కబేళా. ఎక్కడుంటరని అడిగినోనికి చెంగిచెర్ల అని జవాబు చెప్తే ముక్కు కొంచెం కదులుతది. బడికి పోకముందే నేను చదవడం నేర్చుకున్నది ఆ ముక్కునే.

నేను మాదిగోన్ని. నవల రాస్తున్న. 2004లో మొదలుపెట్టిన, ఇంకా రాస్తనే ఉన్న. చారిత్రక నవల అని చెప్పినప్పుడల్లా ఎదుటోళ్ల మొఖంల జాలి కనపడుతది. "ఎందుకయ్యా అంత కష్టం? నీ ఆత్మకథ రాయరాదు? నువ్వు పడ్డ బాధలు రాయి, అద్భుతంగ ఉంటది" అంటరు. ప్రేమతోనే అంటరు. ఈ సంకలనానికి కూడా నన్ను అడిగింది ఆత్మకథే. ఇస్తున్న. కాని ఒక మాట అడిగి ఇస్త.

బాధ మాకు, చరిత్ర మీకు అనే ఈ పంపకం ఎవలు చేసిండ్రు? మేము ఏడిస్తే సాహిత్యం, మా ముత్తాత గురించి ఊహ చేస్తే మాత్రం తప్పుడు లెక్క ఎట్లయితది? మా ఒంటి మీది వాత చూపెడితే అచ్చేసే పత్రిక, వాత పెట్టిన కొరకంచు ఏ పొయ్యిలోంచి వచ్చిందో ఎతుకుతనంటే ఎందుకు గుర్రుమంటది?

మొదటి అధ్యాయం 2006లో ఒక పత్రికకు పంపిన. పేరు రాయను. మూడు నెలలకు తిరిగొచ్చింది. అంచున పెన్సిల్‌తో రెండు ప్రశ్నలు. "1943లో ఒక మాదిగవాడు పటేల్‌తో ఇలా మాట్లాడగలడా? ఆధారం ఉన్నదా?" అక్షరాలు ముచ్చటగ ఉన్నయి. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్న.

బాపిరాజు 'గోన గన్నారెడ్డి' రాసిండు. గోన వంశం చరిత్రలో ఉన్నది నిజమే. కాని ఆ గన్నారెడ్డి గజదొంగై తిరిగిండని, చాటుంగ రుద్రమదేవికి అండగ నిలబడ్డడని ఏ రాయి చెప్పింది? ఎవరూ అడగలే. అడగొద్దు కూడా, అది నవల. 2015లో రుద్రమదేవి సినిమాల గన్నారెడ్డి తెర మీదికొస్తే ఈలలేసినోళ్లల్ల నేనూ ఉన్న. నోరి నరసింహశాస్త్రి రాసిండు, విశ్వనాథ రాసిండు. రాజుల అంతఃపురంల ఎవరు ఎవరితో ఏకాంతంగ ఏం మాట్లాడుకున్నరో పక్కన కూసున్నట్టు రాసిండ్రు. ఆ ఊహకు పాండిత్యం అని పేరు పెట్టినం. మా ముత్తాత పటేల్ ముంగట నోరు తెరిచిండని రాస్తే మాత్రం దస్తావేజు కావాలె.

రాణులకు మాత్రం ఆధారాలు దండిగ ఉన్నయా? రుద్రమదేవి ఎట్ల చనిపోయిందో చాలాకాలం ఎవరికీ తేలలే. నల్లగొండ జిల్లా చందుపట్లల ఒక శాసనం దొరికింది, 1289 నాటిది. పువ్వుల ముమ్మడి అనే బంటు వేయించిండు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందిండ్రని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేస్తున్నని దాంట్ల ఉన్నది. ఆ నాలుగు పంక్తుల మీదనే ఆమె యుద్ధంల ఒరిగిందన్న చరిత్ర నిలబడ్డది. నాలుగు పంక్తులు! బంటు తన ఏలిక కోసం రాయి చెక్కిచ్చిండు. మా ముత్తాత కోసం రాయి చెక్కిచ్చేటోడెవడు? ఆ రాళ్లు మోసినోళ్లల్ల మావోళ్లు ఉండే ఉంటరు.

అయినా ఆధారం కోసం తిరిగిన. అడిగిండ్రు గదా చూపెడ్దమని, ఒక మొండితనం.

నాచారం నుంచి తార్నాక ఎంత దూరం? బస్సెక్కితే పావుగంట, ఇరవై నిమిషాలు. రాష్ట్ర ఆర్కైవ్స్ అక్కడే ఉన్నది. మొఘలుల కాలపు ఫార్సీ కాగితాల నుంచి నిజాం దఫ్తరాల దాకా అక్కడ కట్టలు కట్టి పెట్టిండ్రు. 1995లో నేను ఉస్మానియా హాస్టల్ల ఉండంగ ఆ దారిన ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు. లోపలికి నాలాంటోడు కూడా పోవచ్చన్న సంగతి మాత్రం నాకు తోచలే. ఇది ఎవరి తప్పని రాయను, తలుపు తీసే ఉన్నది.

తలుపు తీసి ఉంటే సరిపోదు. నిజాం సర్కారు 1880ల దాకా ఫార్సీల నడిచింది, ఆ తర్వాత ఉర్దూల. మా తాతలు తెలుగుల బతికిండ్రు. వాళ్ల గురించి రాసింది ఉర్దూల. ఆ రాసినదాని మీద పెద్ద పుస్తకాలు ఇంగ్లీషుల. మూడు తాళాలు. పైగా రెవెన్యూ కాగితాల ఉర్దూ అచ్చుపుస్తకాల ఉర్దూ లెక్క ఉండదు. షికస్తా అంటరు, విరిగిన రాత. చుక్కలుండవు, అక్షరం మీద అక్షరం పడి ఉంటది. పాతబస్తీల ఒక ముసలి టీచర్ దగ్గర మూడేండ్లు ఆదివారాలు కూసున్న. ఫీజు తీసుకోలే. "బేటా, ముందు కలం పట్టు, చదువు దానంతటదే వస్తది" అని నాతోని కాపీ రాయిచ్చేటోడు. పరీక్షలు అన్నీ పాసై ఉద్యోగం చేస్తున్నోన్ని, ముప్పై దాటినంక మళ్ల అలీఫ్, బే రాసిన.

తారీఖులది ఇంకో గోస. ఆ కాగితాలన్నీ ఫస్లీ సంవత్సరాలు. అక్టోబర్ల ఆజుర్ నెలతోని ఏడాది మొదలైతది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తది, కాని ఏ నెల అన్నదాన్ని బట్టి ఇంకొకటి కలపాలె. మా అవ్వ లెక్క వేరే. అవ్వ అంటే మా నాయిన తల్లి. "మూసీ పొంగిన ఏడు మా అమ్మ పుట్టింది" అన్నదనుకో, అది 1908 సెప్టెంబర్, ఫస్లీల 1317. "పెద్ద లడాయి నడుస్తున్నది, లెవీ గల్లకు ఇల్లిల్లు ఎతికేటోళ్లు" అంటే రెండో ప్రపంచయుద్ధం. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి కుట్టుకుంట పోవుడే నా పరిశోధన. కుట్టుడు మా కులపోళ్లకు కొత్త కాదు గద.

అవ్వ చెప్పిన కథ ఇది. వాళ్లది భువనగిరి దిక్కు ఒక పల్లె. పేరు రాయను, ఆ పటేల్ మనుమలు ఇంకా ఉన్నరు. అవ్వ తండ్రి, అంటే మా ముత్తాత, ఊరి చాకిరి చేసేటోడు. సచ్చిన గొడ్డును ఎత్తుకపోవుడు, తోలు తీసుడు, లందెల వేసి శుద్ధి చేసుడు, మోటలకు బొక్కెనలు, తొండాలు కుట్టిచ్చుడు, పటేలింటికి చెప్పులు ఇచ్చుడు. దానికి బదులు కళ్లంల ఇంత గింజ, ఎకరం పది గుంటల ఇనాం. పటేల్ ఎద్దు ఒకటి సచ్చింది. వీడే తోలు కోసం ఎద్దుకు విషం పెట్టిండన్నరు. చావడి కాడికి గుంజుకపోయిండ్రు. ఆ రాత్రి ముత్తాత పెండ్లాం పిల్లలను తీసుకొని ఊరు విడిచిండు. బీబీనగర్, ఘట్‌కేసర్ మీదుగ రైలు పట్టాల పొంటి నడిచి నడిచి మా ఊరు చేరిండ్రు. అవ్వకు అప్పుడు ఏడెనిమిదేండ్లు.

ఇది ముసలిదాని ముచ్చట అని తీసేయొచ్చు. నేనూ మొదట అనుమానపడ్డ. విషం సంగతి అచ్చం సినిమా లెక్కున్నదనిపించింది. తర్వాత చదివిన. ఉత్తర హిందుస్థానంల చమార్ల మీద ఇంగ్లీషు పోలీసులు 19వ శతాబ్దంలో ఇదే నేరం మోపి ఫైళ్లకు ఫైళ్లు నింపిండ్రు. తోలుకు ధర లేనన్నాళ్లు సచ్చిన గొడ్డు మాదిగోనిది. అది వాని హక్కు, వాని శిక్ష కూడా. తోళ్లు మద్రాసుకు, ఓడలెక్కి సీమలకు పోవుడు మొదలై ధర వచ్చినంక సచ్చిన గొడ్డుకు కూడా యజమానులు పుట్టుకొచ్చిండ్రు. హక్కు కాస్తా దొంగతనమైంది. మా అవ్వకు చదువు రాదు, చమార్లు ఎవరో తెల్వదు. వందల మైళ్ల అవతలి నేరం ఆమె నోట్లెకు ఎట్లొచ్చింది? జరిగింది కాబట్టే వచ్చింది.

పుస్తకాలల్ల మేము లేమని కాదు. ఉన్నం. 1920లో సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద పెద్ద గ్రంథం వేసిండు. మాదిగలకు దాంట్ల ఒక అధ్యాయం ఉన్నది. పెండ్లి, చావు, దేవతలు, వృత్తి అన్నీ ఉన్నయి, మనిషి మాత్రం దొరకడు. 1951-52లో ఎస్.సి. దూబే ఉస్మానియా బృందంతో శామీర్‌పేటల ఉండి 1955లో 'ఇండియన్ విలేజ్' అచ్చేసిండు. శామీర్‌పేట ఇయ్యాల మా జిల్లాలనే ఉన్నది. ఏ కులమోడు ఏ పని చేస్తడు, ఎవరికి ఎంత గింజ ఇస్తరు అన్నది దాంట్ల దొరుకుతది. నవలకు అది ఉప్పు లెక్క పనికొచ్చింది, అబద్ధమెందుకు. కాని ఉప్పుతోని కడుపు నిండదు.

అదే 1955లో పి.ఆర్. వెంకటస్వామి 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' రాసిండు. హైదరాబాద్ రాజ్యంల మన ఉద్యమం చరిత్ర, ఉద్యమంల ఉన్నోడే రాసిండు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినకాడి నుంచి మొదలుపెట్టి పేర్లతో, సభలతో, కొట్లాటలతో సహా. మనిషి అంటే అందుల కనపడ్డరు. ఆ భాగ్యరెడ్డివర్మనే 1930లలో తన పత్రికల 'వెట్టి మాదిగ' రాసిండు. మాల ఇంట్ల పుట్టినోడు మాదిగోని వెట్టి మీద రాసిండు. ఇయ్యాల మన రెండు వాడల నడుమ మాటామంతీ లేనోళ్లు ఈ సంగతి ఒకపారి యాది చేసుకోవాలె. నేను ఎం.ఏ. తెలుగు చదివిన. రెండేండ్లల్ల ఒక్క క్లాసులనన్న ఆ పేరు వినపడలే.

వట్టికోట ఆళ్వారుస్వామి మీద నాకు గౌరవం ఉన్నది. జైలుకు పోయిన మనిషి. ఐనా 'ప్రజల మనిషి' చదివితే ఆ ప్రజల మనిషి కంఠీరవమే, వైష్ణవ ఇంటి పిల్లగాడు. వెట్టి చేసేది మేము, మాకు కండ్లు తెరిపిచ్చేది వాళ్లు. తెలంగాణ మీద ఎన్ని మంచి నవలలొచ్చినా ఆ కుర్చీల మావోడు కూసునుడు తక్కువ. 2000ల జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' వచ్చినంకనే, రూతు జ్ఞాపకాలల్ల నుంచి తరాలకు తరాలు నడిచి రావచ్చని నాకు ధైర్యమొచ్చింది. అది కోస్తా కథ. మాది తోలు, ఉర్దూ, పటేల్, రైలు పట్టా. అది ఎవరన్న రాయాలె గద.

ఇగ కాగితం దొరికిన సంగతి. ఏ ఆఫీసుల దొరికిందో రాస్తే అక్కడోళ్ల నౌకరీలకు ఇబ్బంది. బీరువా వెనక కట్టల, చెదలు తినంగ మిగిలింది. ఫస్లీ 1353, అంటే 1943-44. ఊరి నౌకర్ల జాబితా. పటేల్, పట్వారీల పేర్ల కింద నీరటి, సేత్‌సింది, మస్కూరి. మావోళ్ల పేర్లన్నిటి చివర 'గాడు'. ఎల్లిగాడు, పోచిగాడు, మల్లిగాడు. ఉర్దూల కూడా 'గాడు' అనే రాసిండ్రు. సర్కారు భాష మారినా ఆ తోక మాత్రం తర్జుమా కాలే. మా ముత్తాత పేరు దొరికింది. పక్కన తండ్రి పేరు, ఎకరం పది గుంటలు. చివరి గడిల ఒక్క మాట.

ఫరార్.

షికస్తాల ఆ మాట చదవనీకె నాకు కొంచెం సేపు పట్టింది. చదివినంక కట్ట మూసి బయటికొచ్చి చాయ్ తాగిన. ఆనాటి పటేల్ కచ్చేరీల గుమాస్తా ఎవడో కలం ఒకసారి ముంచి రాసిండు. నా నవల మొత్తానికి సర్కారు ఒప్పుకునే ఆధారం ఆ ఒక్క మాట. అది ఏం చెప్తది? నేరం చేసి పారిపోయిండని చెప్తది. 1954-55 ఖాస్రా పహాణీల అదే నంబరు భూమి పటేల్ అన్న కొడుకు పేరు మీద ఉన్నది. 1955లో ఇనాంల రద్దు చట్టం వచ్చేనాటికి మేము ఆ ఊళ్ల లేము, చెంగిచెర్లల కూలికి పోతున్నం.

పత్రికాయనా, నీకు ఆధారం దొరికింది. తీసుకుంటవా? దస్తావేజును నమ్మితే మా ముత్తాత దొంగ. అవ్వను నమ్మితే దస్తావేజు దొంగ. చారిత్రక నవలకు పరిశోధన ముఖ్యం అని సభలల్ల చెప్పేటోళ్లకు ఈ తిరకాసు తగలదు. వాళ్ల తాత ఆ కాగితం రాసిన చేతి దిక్కున ఉన్నడు.

ఇంతవరకు కొట్లాట బయటోళ్లతోని. లోపలి కొట్లాట ఇంకా చెప్పలే.

మొదటి రాతల చావడి కాడి ఘట్టం నేను ఇట్ల రాసిన. పటేల్ చెయ్యెత్తిండు. మా ముత్తాత నడుముల ఉన్న ఆరె గుంజి వాని చేతిల దించిండు. రక్తం కారింది. "మా తోలు మేమే తీస్తం, మీ తోలు కూడా తీస్తం" అన్నడు. రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలే, అంత సంబరం. కారంచేడు 1985, చుండూరు 1991 చూసి పెరిగినోళ్లం. ఆ ఆరె ఎవని చేతిలనన్న దిగాలెనని మా తరానికంతా ఉండె.

అవ్వకు చదివి వినిపిచ్చిన. అరుగు మీద కూసోని ఆకు నములుకుంట విన్నది. అంత అయినంక అడిగింది.

"ఎవల కథ ఇది?"

"మీ నాయినదే అవ్వా."

"మా నాయిన కొట్టలే బిడ్డా. కాళ్లు మొక్కిండు. చెప్పులు నెత్తి మీద పెట్టుకొని మొక్కిండు. నేను చూసిన."

"కథల కొట్టినట్టు రాస్తే ఏంది?"

"కొట్టినోడైతే తెల్లారెదాక బతకనిస్తుండెనా? నేనుంటుంటినా? నువ్వుంటుంటివా?"

ఇంకేమనలే. ఆకు ఉమ్మి లోపలికి పోయింది. ఎనభై ఏండ్ల కింది సంగతి అని మీరనుకుంటున్నరు. ఆమెకు అది నా ముంగట నేను చేసిన అవమానం. వాళ్ల నాయిన నెత్తి మీద పెట్టుకున్న చెప్పులతోనే ముగ్గురు పిల్లలు బతికిండ్రు. నేను పోయి ఆ చెప్పులు తీసి పారేసి చేతిల ఆరె పెట్టిన. ఎవల కోసం? నా కోసం. హాస్టల్ల నాతోని నినాదాలిచ్చినోళ్ల కోసం.

తిరగరాసిన. మొక్కినట్టే రాసిన. అది రాయనీకె ఏడాది పట్టింది. కొట్టినట్టు రాసింది ఒక్క రాత్రిల.

మా ఉద్యమ మిత్రుడొకడు చదివి పండ్లు కొరికిండు. "అన్నా, ఇప్పుడు గిట్ల మొక్కిస్తే పిల్లలకు ఏం చెప్తం? మనకు వీరులు కావాలె" అన్నడు. వాని బాధ నాకు తెల్వదా? కాని తమ్మీ, రాజుల నవలలను మనం ఎందుకు తిడుతున్నం? లేనిది ఉన్నట్టు రాసి తమ తాతలకు కిరీటం పెట్టుకున్నరనే గద. మనం కూడా అదే దుకాణంల కిరీటం కొనుక్కొచ్చి మన తాతకు పెడితే, నిజంగ ఆ చావడి కాడ వంగిన నడుము ఎవరు చూస్తరు? పటేల్‌కు కూడా అది సౌకర్యమే. కొట్టినోన్ని కొట్టిండ్రంటే పాపం ఉండదు.

మనందరం చదివిన పుస్తకం ఒకటి ఉన్నది. సహవాసి తెలుగు చేసిన 'ఏడుతరాలు'. ఆ రోజుల్ల దాన్ని చదవని కార్యకర్త ఉండకపోవు. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్' అది. కుంటా కింటే మనకు కూడా ముత్తాతనే అయ్యిండు. తర్వాత ఏమైంది? గాంబియాల కథకుడు చెప్పిన వంశావళి నిలబడదని, ఇటు అమెరికా రికార్డులు కూడా సరిగ కలవవని పరిశోధకులు పట్టుకున్నరు. కోర్లాండర్ అనే రచయిత నవలలోంచి కొన్ని భాగాలు వచ్చినయని కేసైతే 1978లో హేలీ పైసలు కట్టి రాజీ పడ్డడు. ఆ పుస్తకం గొప్పతనం పోయిందని నేననను. బానిసల ఓడ అబద్ధం కాలే. కాని చూసినవా, తెల్లోళ్లకు ఎంత సులువైందో! ఒక్క వంశవృక్షం తప్పు దొరికితే చాలు, మొత్తం బానిసత్వాన్నే తప్పుడు లెక్కల కింద తోసెయ్యాలని చూసేటోళ్లు కాసుకొని కూసున్నరు. మన తప్పు కోసం కూడా కూసున్నరు. అందుకే మనం వాళ్ల కన్న జాగ్రత్తగ ఊహించాలె. ఇది అన్యాయమే. ఐనా అంతే.

మరి ఊహే వద్దా? వద్దంటే నేను నవల మూసుకోవాలె. అంబేడ్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' ముందుమాటల ఈ సంగతే ఎత్తుకున్నడు. ఆధారాల గొలుసుల లంకెలు తెగిపోయినచోట చరిత్రకారుడు చేతులు కట్టుకొని కూసోవాలెనా, ఊహతో కలపొచ్చా అని అడిగి, కలపొచ్చన్నడు. ఊహకు ముందు దొరికిన లంకెలన్నీ ఎతికి పట్టుకున్న మనిషి ఆయన. నేను ఆయన ముంగట ఎంత? ఐనా నా లంకెలు నాకున్నయి. గుమాస్తా రాసిన ఒక్క మాట, అవ్వ చూసిన రెండు చెప్పులు. వీటి నడుమ ఉన్న చీకట్లనే నా ఊహ పనిచేయాలె. వాటిని తీసేసి పనిచేస్తే అది ఊహ కాదు, కబ్జా.

చీకటి చిన్నదేం కాదు. లందె వాసన ఎట్లుంటది? మా వాడల చూసినోళ్లు ఇప్పుడు లేరు. కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయినయి, మోటలతోనే లందెలు పోయినయి. ముందు సున్నంల నానబెట్టి వెంట్రుక తీసి, తర్వాత తంగేడు చెక్క నీళ్లల్ల, కరక్కాయల్ల ఊరబెడ్తరని పుస్తకంల చదివిన. పుస్తకంల వాసన రాదు. ఒకసారి ఇంటి వెనక కుండల తంగేడు చెక్క నానేసి పెట్టిన. వారం రోజులకు మా ఆవిడ దాన్ని నామీద గుమ్మరించేంత పని చేసింది. వాసన మాత్రం దొరికింది, మూడో అధ్యాయం నాలుగు పేజీలు దానితోనే నిండినయి. మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ మా ఊళ్లనే ఉన్నది. తోలు తీసే చెయ్యి ఎట్ల తిరుగుతదో మాత్రం నేను కబేళా గేటు కాడ నిలబడి అడిగి రాసుకున్న. అక్కడోళ్లు నవ్విండ్రు. "గిది కూడా రాస్తరా సార్?" అన్నరు.

దక్కలోళ్లను కూడా అడిగిన. జాంబపురాణం పటం చూపెట్టి మన పుట్టుక చెప్పేది వాళ్లే గద. 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వస్తే కిన్నెర గురించి పేపర్లన్నీ రాసినయి. ఆ కిన్నెర మీద పండుగ సాయన్న బతికున్నడు, ఏ గెజెట్టు బతికియ్యలే. నేను కలిసిన దక్కలాయన మా ముత్తాత పేరు వినలేదన్నడు. "దొర మీద ఎదురుతిరిగినోని మీద పాట కడ్తం అయ్యా. మొక్కినోని మీద ఎట్ల కడ్తం?" అన్నడు. ఆయన మాట నా మిత్రుని మాట ఒక్కటే అయ్యింది. జవాబు నా దగ్గర లేకుండె.

ఇప్పుడు ఎనిమిదో అధ్యాయం నడుస్తున్నది. రైలు పట్టాల పొంటి నడక. ఆ దారిల నేను ఘట్‌కేసర్ నుంచి రెండుసార్లు నడిచిన. పట్టాల కంకర మీద చిన్నపిల్ల వట్టి కాళ్లతో ఎంతసేపు నడుస్తదో చూడాలని ఒకసారి చెప్పులు విడిచిన. అర కిలోమీటరు కాలే, మళ్ల తొడుక్కున్న.

తెల్లారంగ ఒక బావి కాడ ఆగిండ్రట. చంటిపిల్ల ఏడుస్తున్నదట. నీళ్లు తోడేటామె "మీరెవలు?" అని అడిగింది. మా ముత్తాత జవాబు చెప్పిండు, ఆమె నీళ్లు పోసింది. దోసిట్ల పోయలే, చెంబు ఇచ్చింది. ఏం చెప్పిండు అని అడిగిన. అవ్వ చెప్పింది. చెప్పి, "గది మాత్రం రాయకు కొడుకా" అన్నది.

ఆమె 2011లో పోయింది. మళ్ల అడిగి మాట మార్పిచ్చుకునే వీలు లేదు. చెంబు దాకా రాసి ఆపిన.